ప్రాణహిత లోయలో భూకంపాలు – పాఠశాల కర్తవ్యం

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల జీవితంలో 75 సంవత్సరాలు గొప్ప కాలం. ఈ బడిలో మొదట అక్షరాలు దిద్దినవారి మనుమలు నేడు ఇదే బడిలో కూర్చుని చదువుకుంటున్నారు. కాని ఈ బడి నిలిచిన నేల లెక్కలో 75 సంవత్సరాలు రెప్పపాటు కూడ కాదు. ఆ నేల అప్పుడప్పుడు ఎందుకు కదలుచున్నది, అది కదలినపుడు బిడ్డలను ఏ విధంగా కాపాడుకొనవలెను అన్నదే ఈ ప్రసంగ విషయం. పండుగ నాడు భయపెట్టే మాటలేల అని కొందరికి అనిపించవచ్చును. అప్పగింతల వేళ తల్లి కూతురికి నాలుగు జాగ్రత్తలు చెప్పుట అశుభం కాదు. ఇదియు అటువంటిదే.

ఆ ఉదయం

2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలు. పిల్లలు బడికి సిద్ధమయ్యే వేళ. తెలంగాణలోని ములుగు జిల్లా అడవుల అడుగున, సుమారు 40 కిలోమీటర్ల లోతున రాతి పొరలు ఒక్కసారిగా జరిగినవి. ఆ భూకంప పరిమాణం 5.3. కొద్ది క్షణాలలోనే ఆ కదలిక ఇటు గోదావరిని దాటి గడ్చిరోలి, చంద్రపూర్, నాగపూర్ వరకు, అటు వరంగల్లు, ఖమ్మం, హైదరాబాదు, విజయవాడ వరకు పాకినది. ప్రాణనష్టం జరుగలేదు. లోతు ఎక్కువైనందున ఆ కదలిక చాలా దూరం వ్యాపించినది గాని, ఒక్కచోట విరుచుకుపడలేదు. అదే పరిమాణం గల భూకంపం తక్కువ లోతున పుట్టి ఉంటే పైనున్న పల్లెలలో గోడలు నిలిచేవో లేదో చెప్పలేము.

గోదావరి లోయలో ఇంతకు పూర్వం ఇంతటి భూకంపం వచ్చినది 1969 ఏప్రిల్ 13న. భద్రాచలం ప్రాంతంలో వచ్చిన ఆ భూకంప పరిమాణం 5.7. ఈ రెండింటి నడుమ 55 సంవత్సరాలు గడచినవి. 1969లో పదేళ్ళ వయసున్న బాలుడు 2024లో 65 ఏళ్ళ వృద్ధుడు. ఆనాటి అనుభవం అతని మనుమలకు కథగానైనా చేరినదా అంటే, చాలా ఇండ్లలో చేరలేదు. అందువలన 2024లో ఎందరో తమ జీవితంలో మొదటిసారిగా నేల కదలుట చూచినారు. ఏమి చేయవలెనో తెలిసినవారు బహు కొద్దిమంది.

ఈ లోయ ప్రజలకు వరద తెలియును. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. వరద వచ్చి వెళ్ళిన తరువాత గోడలపై గుర్తు మిగులును. నీరు ఎంతవరకు వచ్చినదో తాతలు మనుమలకు చూపుదురు. ఏ మిట్టకు చేరవలెనో, గింజలను ఎక్కడ దాచవలెనో ఇంటిల్లిపాదికి తెలిసి ఉండును. భూకంపానికి అటువంటి గుర్తు లేదు. అది రెండు తరాలకు ఒకసారి వచ్చి, కొన్ని క్షణాలలో వెళ్ళిపోవును. వరద పాఠాన్ని నది తానే మళ్ళీ మళ్ళీ చెప్పును. భూకంప పాఠాన్ని మాత్రం మనుషులే గుర్తుంచుకొని, ఒక తరం నుండి మరొక తరానికి అందించవలసి ఉన్నది. ఆ పని చేయగల సంస్థ ఊరిలో ఒక్కటే, అది పాఠశాల.

ఈ నేల కథ

ఆష్టి వైనగంగ ఒడ్డున ఉన్నది. ఈ ఊరికి దిగువన వైనగంగ, వార్ధా నదులు కలిసి ప్రాణహిత అగుచున్నవి. ప్రాణహిత దక్షిణంగా సాగి సిరొంచ, కాళేశ్వరముల నడుమ గోదావరిలో కలియును. నదులు ఈ దారినే ఎంచుకొనుటకు కారణం భూమి నిర్మాణంలోనే ఉన్నది. కోట్ల సంవత్సరాల క్రిందట ఇక్కడ భూమి పైపొర వాయవ్యం నుండి ఆగ్నేయానికి పొడవుగా పగిలినది. రెండు పగుళ్ళ నడుమనున్న భాగం క్రిందికి కుంగినది. ఆ పల్లంలో ఇసుక, బురద, అడవుల శిథిలాలు పొరలు పొరలుగా నిండినవి. ఆ శిథిలాలే నేటి బొగ్గు. చంద్రపూర్, బల్లార్‌పూర్ గనులు మొదలు రామగుండం, కొత్తగూడెం గనుల వరకు ఒకే వరుసలో ఉండుటకు ఇదే కారణం. భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు దీనిని ప్రాణహిత–గోదావరి పగులు లోయ అంటారు.

ఆ పురాతన పల్లంలో పెద్ద జంతువులు కూడ సంచరించినవి. సిరొంచ సమీపంలోని కోట గ్రామం పేరుతోనే ఒక శిలా సముదాయాన్ని ప్రపంచమంతటా పిలుచుచున్నారు. ఆ కోట శిలలలో దొరికిన బరపాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో నిలబెట్టబడి ఉన్నది. సిరొంచ తాలూకాలోని వడధాం వద్ద దొరికిన శిలాజాలను చూచుటకు విద్యార్థులు వెళ్ళుచుందురు. బొగ్గును, శిలాజాలను ఇచ్చిన ఆ పాత పగుళ్ళే భూకంపాలకు కూడ మూలం. ఒకే తల్లి పెట్టిన రెండు రకాల పంటల వంటివి ఇవి.

పగుళ్ళు పాతవైనపుడు నేడెందుకు కదలుచున్నవి అని విద్యార్థులు అడుగుదురు. భారత భూభాగం సంవత్సరానికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుచు ఆసియా ఖండాన్ని నెట్టుచున్నది. హిమాలయాలు ఆ ఒత్తిడి వలననే లేచినవి. ఆ ఒత్తిడి హిమాలయాల వద్దనే ఆగిపోదు, దేశమంతటికి వ్యాపించును. నిండుగా మూటలు పెట్టిన పాత పెట్టె అతుకుల వద్దనే విడిపోయినట్లు, ఒత్తిడి పెరిగినపుడు నేల పాత పగుళ్ళ వద్దనే జరుగును. నర్మదా లోయ అటువంటి పాత బలహీన రేఖ. 1997 మే 22న జబల్‌పూర్‌లో 5.8 పరిమాణంతో భూకంపం వచ్చినది. ప్రాణహిత–గోదావరి లోయ అటువంటిదే మరొకటి.

కిల్లారి నేర్పిన పాఠం

దక్కను పీఠభూమి కదలని నేల అని పూర్వం పాఠ్యపుస్తకాలు చెప్పినవి. ఆ నమ్మకం 1967 డిసెంబరులో మొదటిసారి బీటలు వారినది. మహారాష్ట్రలోని కోయినా వద్ద 6.3 పరిమాణంతో భూకంపం వచ్చి సుమారు 180 మంది మరణించినారు. అప్పటికి అయిదేండ్ల ముందు, 1962లో, కోయినా జలాశయంలో నీరు నింపుట మొదలైనది. నాటి నుండి నేటివరకు ఆ ప్రాంతంలో చిన్నవి, మధ్యరకం ప్రకంపనలు ఆగలేదు. జలాశయపు నీటి బరువు, పగుళ్ళలోనికి దిగిన నీరు ఈ ప్రకంపనలకు ప్రేరణ అని శాస్త్రవేత్తలు నిరూపించినారు.

ఆ నమ్మకం పూర్తిగా కూలినది 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు. లాతూర్ జిల్లాలోని కిల్లారి పరిసరాలలో జనం గణేశ నిమజ్జనం ముగించుకొని గాఢనిద్రలో ఉన్నారు. 6.2 పరిమాణం గల భూకంపం తక్కువ లోతున పుట్టినది. దాదాపు 10 వేలమంది మరణించినారు. దేశంలో అంతకంటె పెద్ద భూకంపాలు ఎన్నో వచ్చినవి. కాని ఆ ఊళ్ళలోని ఇండ్లు బండరాళ్ళను మట్టితో పేర్చిన మందపు గోడలు, వాటిపై దూలాలు, ఆ దూలాలపై అడుగుల మందాన పోసిన మట్టి కప్పులు. ఎండకు చల్లగా, దొంగకు దుర్గంగా ఉన్న ఆ ఇండ్లే నిద్రించే కుటుంబాలపై సమాధులైనవి. భూకంపం మనిషిని చంపదు, మనిషి కట్టిన ఇల్లు చంపును అనే నానుడికి కిల్లారి కంటె పెద్ద నిదర్శనం ఈ రాష్ట్రంలో లేదు.

కిల్లారి మరొక విషయం కూడ చెప్పినది. నాటి భూకంప మండలాల పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదమున్న మొదటి మండలంలో ఉండెను. పటం గీసినవారు తమకు లభించిన చరిత్రను బట్టి గీసినారు. ఆ చరిత్ర కొద్ది శతాబ్దాలకు మించనిది. భూమి లెక్క వేల సంవత్సరాలది. తరువాత 2002లో పటాన్ని సవరించినపుడు మొదటి మండలాన్నే తొలగించినారు. భూకంప ప్రమాదం లేని చోటు దేశంలో లేదనుటకు అంతకంటె వేరే ప్రకటన అక్కరలేదు. లాతూర్ ప్రాంతమును మూడవ మండలంలో చేర్చినారు. ఆ పటం ప్రకారం భద్రాచలం, కొత్తగూడెం, రామగుండం మొదలైన గోదావరి లోయ ప్రాంతాలు కూడ మధ్యస్థ ప్రమాదం గల మూడవ మండలంలోనివే. కోయినాలో, కిల్లారిలో వచ్చినంతటి భూకంపం ఈ లోయలో రాదని ధైర్యంగా చెప్పుటకు ఆధారం లేదు.

చిన్న ప్రకంపనలు – పెద్ద అపోహలు

నేల కదలిన ప్రతిసారి రెండు మాటలు వినబడును. చిన్నవి వస్తే మంచిదే, భూమిలోని బలం కొంచెం కొంచెంగా ఖర్చయిపోవునన్నది ఒకటి. చిన్నది వచ్చినది గనుక వారంలో పెద్దది వచ్చునన్నది రెండవది. ఈ రెండును శాస్త్రానికి నిలువవు.

పరిమాణం ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగును. రెండు అంకెలు పెరిగితే సుమారు 1000 రెట్లు. అనగా 6 పరిమాణం గల ఒక భూకంపపు శక్తి చిన్నవాటి ద్వారా ఖర్చు కావలెనన్న 4 పరిమాణం గలవి వెయ్యి రావలెను. కాబట్టి చిన్న ప్రకంపనల వలన పెద్ద ప్రమాదం తప్పిపోయినదని నిశ్చింతగా ఉండరాదు. అట్లే చిన్న ప్రకంపన వచ్చినంత మాత్రాన పెద్దది వచ్చితీరునని చెప్పుటకు వీలులేదు. కిల్లారిలో 1992లో అనేక చిన్న ప్రకంపనలు వచ్చి, తరువాత సద్దుమణిగినవి. జనం మరచి నిద్రించుచున్న మరుసటి ఏడు పెద్దది వచ్చినది. మరికొన్ని చోట్ల వేలకొలది చిన్న ప్రకంపనలు వచ్చినను పెద్దది రాలేదు. ఫలానా రోజున, ఫలానా గంటకు భూకంపం వచ్చునని ముందుగా చెప్పగల శాస్త్రం ప్రపంచంలో ఎక్కడను లేదు. అట్లు చెప్పువారి మాట, అది ఎవరి పేరుతో వచ్చినను, నమ్మదగినది కాదు.

తరచుగా కదలే నేలపై బ్రతుకు ఎట్లుండునో పాల్ఘర్ జిల్లాలోని డహాణు ఆదివాసీ గ్రామాలు చూపినవి. అక్కడ 2018 నవంబరులో మొదలైన ప్రకంపనలు నెలల తరబడి ఆగలేదు. కుటుంబాలు చలిలో ఇండ్ల బయట, గుడారాలలో పడుకున్నవి. 2019 ఫిబ్రవరి 1న వచ్చిన ప్రకంపన సమయంలో భయంతో బయటకు పరుగెత్తుచు పడి రెండేళ్ళ పాప మరణించినది. ఆ నాటి ప్రకంపన పరిమాణం 4.1 మాత్రమే. ఆ పసిప్రాణాన్ని బలిగొన్నది గోడ కాదు, పరుగు. ఏమి చేయవలెనో తెలియనపుడు భయమే మరొక భూకంపం.

ఇల్లు

గోండు, మాడియా కుటుంబాల పాత ఇండ్లను పరిశీలించితే ఒక సంగతి తెలియును. నేలలో పాతిన కర్ర గుంజలు, వాటి నడుమ వెదురు తడికలు, తడికలపై మట్టి పూత, పైన గడ్డి లేక గూన పెంకులు. నేల ఊగినపుడు ఆ ఇల్లు కూడ ఊగును. పూత రాలవచ్చును, పెంకులు జారవచ్చును, కాని గోడ మొత్తంగా మనిషిపై కూలదు. కూలినను దాని బరువు తక్కువ. పేదరికపు గుర్తుగా చూడబడిన ఆ తడిక గోడలో ఎంతో తెలివి దాగి ఉన్నది.

నేడు ఆ ఇండ్ల స్థానంలో ఇటుక గోడలు, సిమెంటు కప్పులు వచ్చుచున్నవి. అది కోరదగిన మార్పే. వానకు, నిప్పుకు, పాముకు పక్కా ఇల్లు మేలు. కాని సగం పక్కా ఇల్లే ప్రమాదకరం. పాత మట్టి గోడలపై బరువైన స్లాబు వేయుట, మూలలు కలియకుండ గోడలు లేపుట, పెద్ద కిటికీలను మూలలకు ఆనించి పెట్టుట, పిట్టగోడను ఆధారం లేకుండ ఎత్తుగా కట్టుట ఎన్నో ఊళ్ళలో కానవచ్చుచున్నవి. నిలువు బరువును మాత్రమే దృష్టిలో ఉంచుకొని కట్టిన ఇల్లు ప్రక్కకు ఊగినపుడు నిలువలేదు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. పునాదిపైన, తలుపుల కమ్ముల పైన, కప్పు క్రింద ఇంటి చుట్టు తెగకుండ తిరిగే ఇనుప కడ్డీల కాంక్రీటు పట్టీలు వేయవలెను. బండి చక్రానికి వేసిన ఇనుప కమ్మి ఆకులను బిగించి ఉంచినట్లు, ఈ పట్టీ నాలుగు గోడలను ఒక్కటిగా పట్టి ఉంచును. మూలలలో నిలువు కడ్డీలు వేయవలెను. రాతి గోడలో అక్కడక్కడ గోడ మందమంతయు ఉండే పొడవు రాళ్ళు పెట్టవలెను. మట్టి ఇండ్లకు, తక్కువ బలం గల రాతి, ఇటుక కట్టడాలకు వేరువేరుగా భారతీయ ప్రమాణాల సంస్థ 1993లోనే మార్గదర్శకాలు ప్రకటించినది. అవి తాపీమేస్త్రి చేతికి, అతనికి అర్థమయ్యే మాటలలో చేరవలసి ఉన్నది. ఊరిలో ఇంజనీరు గీసిన ఇండ్ల కంటె మేస్త్రి కట్టిన ఇండ్లే ఎక్కువ.

బడి

2001 జనవరి 26న ఉదయం 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రాంతం 7.7 పరిమాణంతో కంపించినది. అంజార్ పట్టణంలో గణతంత్ర దినోత్సవ ఊరేగింపుగా వెళ్ళుచున్న బాలబాలికలు ఆ సమయానికి ఇరుకు వీధిలో ఉన్నారు. ఇరువైపుల కట్టడాలు కూలి 185 మంది విద్యార్థులు, 20 మంది ఉపాధ్యాయులు మరణించినారు. వారి స్మారకం నేడు అంజార్‌లో ఉన్నది. చేతిలో జెండా పట్టుకొని నడచిన పిల్లలు వారు. ప్రతి సంవత్సరం ఇక్కడి పిల్లలు కూడ అట్లే ప్రభాత భేరికి వెళ్ళుదురు. ఊరేగింపు ఏ దారిన వెళ్ళవలెనో నిర్ణయించునపుడు, వెడల్పైన దారిని ఎంచుకొనుట కూడ దేశభక్తిలో భాగమే.

దుఃఖ కథకు తోడు ధైర్యమిచ్చే కథ కూడ ఒకటి ఉన్నది. 2008 మే 12న చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో పెను భూకంపం వచ్చి వేలకొలది విద్యార్థులు బడులలోనే మరణించినారు. ఆ ప్రాంతంలోనే సాంగ్‌జావో అనే పట్టణంలో ఒక మాధ్యమిక పాఠశాల ఉన్నది. దాని ప్రధానోపాధ్యాయుడు యె జిపింగ్ తన బడి భవనం నాసిరకంగా కట్టబడినదని గ్రహించి, సంవత్సరాల తరబడి నిధులు అడిగి తెచ్చి, స్తంభాలను లావు చేయించి భవనాన్ని బలపరచినాడు. అంతటితో ఆగక 2005 నుండి పిల్లలందరి చేత భవనం ఖాళీ చేసే అభ్యాసం చేయించినాడు. ఏ తరగతి ఏ మెట్ల మీదుగా దిగవలెనో, మైదానంలో ఎక్కడ నిలువవలెనో ముందే నిర్ణయించినాడు. కొందరు దానిని వృథా ప్రయాస అన్నారు. భూకంపం వచ్చిన రోజున 2,323 మంది విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒక నిమిషం 36 క్షణాలలో మైదానానికి చేరినారు. ఒక్క ప్రాణమైనను పోలేదు. యె జిపింగ్ శాస్త్రవేత్త కాడు, ధనికుడు కాడు. బడి బాధ్యత తనదని నమ్మిన ఉపాధ్యాయుడు.

భాష

ఇక ఈ పాఠశాలకు ప్రత్యేకంగా సంబంధించిన విషయం. సిరొంచ ఒకప్పుడు సెంట్రల్ ప్రావిన్సులలోని ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణం. తరువాత చాందా జిల్లాలో చేరినది. 1956లో మధ్యప్రదేశ్ నుండి బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు వచ్చినది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినది. సరిహద్దులు ఎన్ని మారినను ఇండ్లలో మాట మారలేదు. ఈ సరిహద్దు ఊళ్ళలో ఒకే బడి బల్లపై తెలుగు, మరాఠీ, గోండి, మాడియా మాటలాడే పిల్లలు కలిసి కూర్చుందురు. ప్రభుత్వ సూచనలు రాష్ట్ర భాషలో వచ్చును. అది సహజమే. మరాఠీ నేర్చుకొనుట ఇక్కడి పిల్లలకు అవసరం, గౌరవం కూడ.

కాని నేల కదలే ఆ కొద్ది క్షణాలలో పిల్లవాడు ఏ భాషలో ఆలోచించును? దెబ్బ తగిలినపుడు ఏ భాషలో అమ్మా అని అరచునో ఆ భాషలోనే ఆలోచించును. అనువదించుకొనుటకు అప్పుడు వ్యవధి ఉండదు. "బల్ల క్రింద దూరు, తల దాచుకో, బల్ల కాలు పట్టుకో" అన్న మూడు మాటలు తెలుగు పిల్లవానికి తెలుగులో, గోండు పిల్లవానికి గోండిలో నోటికి వచ్చి ఉండవలెను, ఎక్కము వచ్చినట్లు. మాతృభాషలో బోధన ఎందుకు అని అడిగేవారికి ఎన్నో సమాధానాలు చెప్పుదురు. ప్రాణం కాపాడే మాట ముందుగా ఆ భాషలోనే చేరును అన్నది వాటిలో అన్నిటికంటె బలమైనది. 75 సంవత్సరాలుగా తెలుగును నిలిపిన బడికి ఈ పని కొత్త భారం కాదు. అది చేయుచున్న పనికే కొనసాగింపు.

చేయవలసినవి

ఉపాధ్యాయులు చేయవలసినవి కొన్ని. సంవత్సరానికి రెండుసార్లు, ముందుగా చెప్పి ఒకసారి, చెప్పకుండ ఒకసారి, అభ్యాసం జరుపవలెను. కదలిక ఉన్నంతసేపు బల్ల క్రింద ఉండుట, ఆగిన తరువాత వరుసగా, తోసుకొనకుండ, సంచుల కొరకు వెనుదిరుగకుండ బయటకు వచ్చుట, గోడలకు, విద్యుత్తు తీగలకు దూరంగా మైదానం నడుమ నిలుచుట, హాజరు పట్టిక చూచి పేర్లు పిలుచుట నేర్పవలెను. పెద్ద కదలిక తరువాత చిన్నవి మళ్ళీ వచ్చును గనుక పెద్దలు చూచి చెప్పువరకు ఎవరును లోపలికి పోరాదు. బీరువాలను గోడకు బిగించవలెను. బరువైన పటాలను పిల్లల తలల మీది నుండి తీసివేయవలెను. తలుపులు బయటకు తెరచుకొనునట్లు మార్చవలెను. నడవలేని పిల్లల చేయి ఎవరు పట్టుకొనవలెనో పేరు వ్రాసి ఉంచవలెను.

తల్లిదండ్రులు చేయవలసినవి కొన్ని. మంచం ప్రక్కన, ఊయల పైన బరువులు ఉంచరాదు. అటక మీది ఇత్తడి బిందెలను క్రిందికి దించవలెను. రాత్రి తలుపు గొళ్ళెం పిల్లలకు అందునట్లు ఉండవలెను. ఇల్లు కట్టునపుడు మేస్త్రిని ముగ్గు వేయు ముహూర్తంతో పాటు పట్టీల సంగతి కూడ అడుగవలెను. ప్రకంపన వచ్చినపుడు బడికి పరుగెత్తి వచ్చి గేటు వద్ద గుమిగూడక, మైదానంలో పిల్లలను అప్పగించు పద్ధతిని ముందే బడితో మాటలాడుకొనవలెను.

పూర్వ విద్యార్థులు చేయవలసినది ఒకటి. వారిలో ఇంజనీర్లు, వైద్యులు, గుత్తేదారులు, ఉద్యోగులు ఉన్నారు. జూబిలీ జ్ఞాపకంగా పాలరాతి ఫలకాలు పెట్టుట ఆచారం. దానికి తోడు ఇంజనీరు విద్య నేర్చిన పూర్వ విద్యార్థులు బడి భవనాన్ని గోడ గోడా పరిశీలించి, ఎక్కడ బలహీనమో వ్రాసి ఇచ్చి, బలపరచుటకు చేయూతనిస్తే, ఆ జ్ఞాపకం పిల్లల తలలపై కప్పుగా నిలుచును.

జపాను దేశంలో 1923 సెప్టెంబరు 1న వచ్చిన కాంటో భూకంపాన్ని మరువకుండుటకు 1960 నుండి ప్రతి సెప్టెంబరు 1ని విపత్తు నివారణ దినంగా పాటించుచున్నారు. ఆనాడు బడిపిల్లలు మొదలు ప్రధానమంత్రి వరకు అభ్యాసంలో పాల్గొందురు. ఈ లోయకు కూడ ఒక తేదీ ఉన్నది, డిసెంబరు 4. ఏటేటా ఆ రోజున గంట మ్రోగించి, పిల్లలందరు బల్లల క్రింద దూరి, వరుసగా మైదానానికి వచ్చి, పేర్లు పిలువగా పలికి, మళ్ళీ తరగతులకు పోవుటకు పట్టేది అరగంట.

ఈ బడి శతాబ్ది ఉత్సవం మరి 25 సంవత్సరాలకు జరుగును. నేటి ఒకటవ తరగతి పిల్లలు ఆనాటికి తల్లిదండ్రులై ఈ ఆవరణకు వత్తురు. ఈ లోపల నేల కదలవచ్చును, కదలకపోవచ్చును. కదలినచో, హాజరు పట్టిక పిలిచినపుడు ప్రతి పేరుకు బదులు రావలెను. ఆ ఒక్క కోరికతో ఈ ప్రసంగం ముగియుచున్నది. పాఠశాలకు, పిల్లలకు, ఈ నదుల నేలకు శుభమగు గాక.